నిమిట్జ్ కొండ మీద మోగని హెచ్చరిక

1997 ఆగస్టు 6వ తేదీన, అర్ధరాత్రి దాటి 1 గంట 42 నిమిషాలకు, గువామ్ ద్వీపంలో కూలిపోయిన కొరియన్ ఎయిర్ 801 విమానం గురించి ఎవరిని కదిపినా ఒకే కథ చెబుతారు. కొరియా సమాజంలో పెద్దవారికి ఎదురు చెప్పే అలవాటు లేదని, కెప్టెన్ పొరపాటు చేస్తున్నాడని తెలిసినా కాక్‌పిట్‌లో ఉన్న మిగతా ఇద్దరూ నోరు విప్పలేదని, ఆ అతి మర్యాదే 228 మందిని పొట్టన పెట్టుకుందని ఆ కథ సారాంశం. ఉద్యోగుల శిక్షణ తరగతుల్లోనూ, నాయకత్వం మీద ఇచ్చే ప్రసంగాల్లోనూ ఈ కథ ఎంతగా నలిగిందంటే, ఇప్పుడు దానికి సాక్ష్యం అడిగేవారే కనిపించరు. నేను కూడా చాలా ఏళ్లు దాన్ని నమ్మాను, ఇతరులకు చెప్పాను. పేరు చివర 'గారు' చేర్చకుండా పెద్దవారిని పిలవలేని భాషలో పెరిగిన నాకు ఆ వివరణ విన్న వెంటనే నిజమేననిపించింది. ఆ తరువాత ఒకసారి దర్యాప్తు నివేదికను, దానికి జతచేసిన కాక్‌పిట్ సంభాషణల రాతప్రతిని పూర్తిగా చదివాను. నేను విని, నమ్మి, చెప్పిన కథ అందులో లేదు.

గువామ్ పసిఫిక్ మహాసముద్రంలో అమెరికా పాలనలో ఉన్న చిన్న ద్వీపం. అందువల్ల దర్యాప్తు అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి చేతికి వచ్చింది. 2000 జనవరిలో మండలి ఆమోదించిన తుది నివేదిక ప్రమాద కారణాన్ని ఇలా నిర్ణయించింది: కెప్టెన్ ఆ దిగే పద్ధతిని ముందుగా సరిగా వివరించుకోలేదు, సరిగా అమలు చేయలేదు, సహ పైలట్ అయిన ఫస్ట్ ఆఫీసర్, యంత్రాలను చూసుకునే ఫ్లైట్ ఇంజినీర్ ఆయన చేస్తున్న పనిని తగినంత గమనించి సరిచూడలేదు. దోహదం చేసిన అంశాలుగా కెప్టెన్ అలసటను, విమానయాన సంస్థ ఇచ్చిన అరకొర శిక్షణను, గువామ్‌లో భూమికి దగ్గరగా వస్తున్న విమానాన్ని గుర్తించే హెచ్చరిక వ్యవస్థను అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ఉద్దేశపూర్వకంగా నిలిపివేయడాన్ని, ఆ వ్యవస్థ నిర్వహణలో దాని వైఫల్యాన్ని పేర్కొంది. ఆ కారణాల జాబితాలో కొరియా సంస్కృతి అన్న మాట లేదు. చివరగా చెప్పిన అంశం మాత్రం ఉంది. జనంలో తిరిగే కథలో దాని ఊసే వినిపించదు. నాకు బాధ కలిగించేది అదే.

ఆ విమానం బోయింగ్ 747-300 రకానిది. సియోల్‌లోని కింపో విమానాశ్రయం నుంచి స్థానిక సమయం రాత్రి 8:53 ప్రాంతంలో బయలుదేరింది. అందులో 237 మంది ప్రయాణికులు, 14 మంది క్యాబిన్ సిబ్బంది, కాక్‌పిట్‌లో ముగ్గురు, మొత్తం 254 మంది ఉన్నారు. ప్రయాణికుల్లో సెలవులు గడపడానికి పిల్లలతో వెళ్తున్న కుటుంబాలు, కొత్తగా పెళ్లయిన జంటలు ఎక్కువ. కెప్టెన్‌కు 42 ఏళ్లు, దాదాపు 8,900 గంటల అనుభవం. అంతకు మూడు నెలల ముందే, గాలిలో తలెత్తిన ఒక అత్యవసర పరిస్థితిని చక్కగా ఎదుర్కొన్నందుకు సంస్థ ఆయనకు భద్రతా పురస్కారం ఇచ్చింది. గువామ్ ఆయనకు కొత్త చోటు కాదు. నెల రోజుల కిందటే అక్కడ దిగి వెళ్లారు. ఆయన నిర్లక్ష్యపు మనిషి అని చెప్పడానికి నివేదికలో ఎక్కడా ఆధారం లేదు.

ఆ నెల రోజుల్లో గువామ్‌లో ఒక మార్పు జరిగింది. విమానాన్ని రన్‌వే దాకా ఏటవాలుగా దించే రేడియో కిరణాన్ని గ్లైడ్ స్లోప్ అంటారు. మరమ్మతుల కోసం జూలై 7 నుంచి దాన్ని ఆపి ఉంచారు. రన్‌వే మధ్య గీతకు సూటిగా తీసుకువచ్చే లోకలైజర్ మాత్రం పనిచేస్తోంది. మామూలు మాటల్లో చెప్పాలంటే, జారుడుబల్ల తీసేసి మెట్లు మిగిల్చారు. గ్లైడ్ స్లోప్ ఉంటే దాన్ని చూపే పరికరంలోని సూది మధ్యలో నిలిచేలా చూసుకుంటే చాలు, విమానం తగిన ఎత్తులోనే దిగుతుంది. అది లేనప్పుడు ఏ దూరంలో ఏ ఎత్తుకు మించి కిందికి దిగకూడదో పటంలో చూసుకుంటూ ఒక్కో మెట్టూ దిగాలి. గువామ్‌లో ఆ మెట్లు ఇలా ఉండేవి: మొదట 2,000 అడుగులు, తరువాత నిమిట్జ్ కొండ మీదున్న రేడియో కేంద్రాన్ని దాటేదాకా 1,440 అడుగులు, దాన్ని దాటిన తరువాతే 560 అడుగులు.

చిక్కంతా ఆ కొండ మీదున్న కేంద్రం దగ్గరే ఉంది. దూరం కొలిచి చెప్పే పరికరం చాలా విమానాశ్రయాల్లో రన్‌వే పక్కనే ఉంటుంది. గువామ్‌లో మాత్రం అది రన్‌వేకు 3.3 నాటికల్ మైళ్ల ముందు, అంటే దాదాపు 6 కిలోమీటర్ల ఇవతల, కొండ మీద ఉంది. అక్కడ పైలట్ ముందు కనిపించే అంకె సున్నాకు చేరేది రన్‌వే దగ్గర కాదు, కొండ దగ్గర. ఆ తరువాత అది మళ్లీ పెరుగుతూ పోతుంది. కొరియన్ ఎయిర్ సిమ్యులేటర్ శిక్షణలో గ్లైడ్ స్లోప్ లేకుండా దిగడాన్ని సాధన చేయించిన చోట ఆ పరికరం విమానాశ్రయంలోనే ఉండేది. ఎప్పుడూ ఒకే ఇంటి మెట్లెక్కే మనిషి చీకట్లో మరొకరి ఇంటి మెట్లు దిగుతూ లెక్క తప్పడం లాంటిదే ఇది. ఆ కెప్టెన్ నిజంగా అలాగే పొరబడ్డారా అన్నది మండలి కచ్చితంగా తేల్చలేదు. విమానం మాత్రం 1,440 అడుగుల దగ్గర ఆగవలసిన చోట ఆగకుండా 560 వైపు దిగిపోయింది. ఆ కేంద్రానికి కూతవేటు దూరంలోనే, సుమారు 660 అడుగుల ఎత్తున, నేలను తాకింది.

ఇక కాక్‌పిట్‌లోకి వెళ్దాం. "ఇద్దరూ నోరు విప్పలేదు" అన్న ఆరోపణ నిలబడాలన్నా, పడిపోవాలన్నా అక్కడే తేలాలి.

గ్లైడ్ స్లోప్ పనిచేయడం లేదని, రాడార్ గది నుంచి విమానాలకు దారి చెప్పే కంట్రోలర్, రన్‌వే వైపు రావడానికి అనుమతి ఇస్తూనే చెప్పాడు. ఫస్ట్ ఆఫీసర్ అనుమతిని తిరిగి చెప్పాడు కానీ గ్లైడ్ స్లోప్ మాట ఎత్తలేదు. కొన్ని సెకన్ల తరువాత ఫ్లైట్ ఇంజినీర్, గ్లైడ్ స్లోప్ పనిచేస్తోందా అని అడిగాడు. పనిచేస్తోందని కెప్టెన్ జవాబిచ్చారు. పనిచేస్తుందో లేదో చూడమని ఒక గొంతు, ఎందుకు పనిచేస్తోందని మరో ప్రశ్న వినిపించాయి. ఎవరివో దర్యాప్తు అధికారులు గుర్తించలేకపోయారు. వెంటనే ఫస్ట్ ఆఫీసర్, అది వాడదగినది కాదని స్పష్టంగా అన్నాడు. బాగుచేస్తున్న పరికరం నుంచి గానీ, మరెక్కడి నుంచి గానీ వచ్చే పిచ్చి సంకేతాలకు సూది అప్పుడప్పుడూ కదలవచ్చు. బహుశా అందుకే కెప్టెన్ మనసులో ఆ అనుమానం చివరిదాకా తొలగలేదు. ఈ రోజు గ్లైడ్ స్లోప్ పరిస్థితి బాగాలేదు కాబట్టి 1,440 అడుగుల దగ్గర ఉండాలని ఆయనే అన్నారు. కాసేపటికే 560 పెట్టమన్నారు. ఆ తరువాత కూడా గ్లైడ్ స్లోప్ పనిచేయడం లేదా అని అడిగారు. ఇవి అధికారం చలాయించే మనిషి మాటల్లా నాకు వినిపించవు. పరికరం ఒకటి చెబుతుంటే, చెవిన పడిన మాట మరొకటి చెబుతుంటే, అలసిన బుర్రతో రెంటినీ పొంతన కుదుర్చుకోలేకపోతున్న మనిషి మాటలవి.

నేలకు 500 అడుగుల ఎత్తులో ఉన్నామని యంత్రం పలికినప్పుడు ఫ్లైట్ ఇంజినీర్ నోటి నుంచి వెలువడింది ఒకే ఒక్క శబ్దం, "ఆఁ?" అన్నట్టుగా. ఆశ్చర్యంతో పలికినట్టుందని రాతప్రతిలో రాసి పెట్టారు. అప్పటికి ప్రమాదానికి 26 సెకన్ల సమయం ఉంది. నేను ఆ శబ్దం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. 57 ఏళ్ల అనుభవజ్ఞుడైన ఒక మనిషికి, ఉండవలసినదానికంటే నేల చాలా దగ్గరగా ఉందని మొదటిసారి తట్టిన క్షణం అది. ఆ తరువాత వరుసగా హెచ్చరికలు వచ్చాయి. చివరకు ఢీకొనడానికి సుమారు 6 సెకన్ల ముందు, మళ్లీ పైకి లేద్దామని ఫస్ట్ ఆఫీసర్ అన్నాడు. రన్‌వే కనిపించడం లేదని ఫ్లైట్ ఇంజినీర్ అన్నాడు, పైకి లేపమన్నాడు. కెప్టెన్ కూడా అదే మాట అన్నారు. ముక్కు అప్పుడప్పుడే పైకి లేస్తోంది. 12 సెకన్ల ముందు గట్టిగా పైకి లేపి ఉంటే విమానం కొండను దాటేదని, ఫస్ట్ ఆఫీసర్ అన్న క్షణంలోనే స్పందించినా దాటే అవకాశం ఉండేదని మండలి లెక్కకట్టింది.

ఆలస్యం జరిగింది, కాదనను. వాళ్లు ఇంకా ముందుగా, ఇంకా గట్టిగా చెప్పవలసింది. కానీ ఆలస్యంగా చెప్పడం వేరు, చెప్పకపోవడం వేరు. తమకే తెలియనిదాన్ని చెప్పలేకపోవడం ఈ రెండింటికంటే వేరు. ఎత్తు తప్పిందని ఫస్ట్ ఆఫీసర్‌కు ముందే తెలుసని, భయంతో దాచుకున్నాడని అనడానికి రాతప్రతిలో నాకు ఒక్క వాక్యం కూడా దొరకలేదు. సంస్కృతి వాదన చేసేవారు రెండు మాటలను ఎత్తి చూపుతారు. ఈ ప్రాంతంలో వాన ఎక్కువగా ఉన్నట్టుంది కదా అని ఫస్ట్ ఆఫీసర్ అన్న మాట ఒకటి, ఈ రోజు వాతావరణ రాడార్ మనకు బాగా ఉపయోగపడిందని ఫ్లైట్ ఇంజినీర్ అన్న మాట రెండోది. ఇవి పైకి చెప్పలేక సూచనగా పలికిన హెచ్చరికలని వారి వ్యాఖ్యానం. అయితే ఆ మాటలు ప్రమాదానికి పావుగంటకు పైగా ముందు, విమానం ఇంకా ఎంతో దూరంలో ఉన్నప్పుడు, మబ్బులను తప్పించుకుంటూ వస్తున్నప్పుడు అన్నవి. రాడార్ ఉపయోగపడిందన్న మాటకు, రాడార్ ఉపయోగపడిందనే అర్థం ఉండవచ్చు. ముగింపు తెలిసినవాడు వెనక్కి తిరిగి చదివితే ప్రతి మాటలోనూ శకునం కనిపిస్తుంది.

ఇప్పుడు అందరూ వదిలేసిన అంశానికి వస్తాను. రాడార్ గదిలో కంట్రోలర్ ముందున్న కంప్యూటర్‌కు ద్వీపంలోని కొండల ఎత్తులు తెలుసు, విమానం ఎత్తు కూడా తెలుసు. విమానం ప్రమాదకరంగా కిందికి దిగుతుంటే తెర మీద అక్షరాలు మెరుస్తాయి, శబ్దం మోగుతుంది. దీన్ని కనీస సురక్షిత ఎత్తు హెచ్చరిక వ్యవస్థ అనవచ్చు. గువామ్‌లో ఇది 55 నాటికల్ మైళ్ల పరిధిలో పనిచేయాలి. కానీ అవసరం లేనప్పుడు కూడా పదే పదే మోగుతోందన్న కారణంతో, 54 నాటికల్ మైళ్ల లోపల ఎక్కడా మోగకుండా సాఫ్ట్‌వేర్‌ను మార్చారు. మిగిలింది ఒక్క మైలు వెడల్పున్న ఉంగరం. ద్వీపం పొడవు సుమారు 50 కిలోమీటర్లే కాబట్టి, ద్వీపమంతా, అందులోని కొండలన్నీ ఆ మూగ వృత్తంలోనే ఉండిపోయాయి. హెచ్చరిక మోగగల చోట ఉన్నది ఉత్త సముద్రం. కొండలను చూసి కేక వేయవలసిన కావలివాణ్ణి, కొండలే లేని చోట నిలబెట్టారు. 1995లో ఎఫ్ఏఏ సొంత తనిఖీలోనే ఈ సంగతి నమోదైంది. అయినా ఎవరూ సరిచేయలేదు. "నాన్నా పులి" కథలో పిల్లవాడు అబద్ధమాడి నమ్మకం పోగొట్టుకున్నాడు. ఇక్కడ, విసిగించాడని పిల్లవాడి నోరే కట్టేశారు.

ఆ మార్పు లేకపోయి ఉంటే ఏమి జరిగేదో మండలి లెక్క వేసి చూసింది. నేలను తాకడానికి 64 సెకన్ల ముందు హెచ్చరిక మోగేది. రన్‌వే మీద దిగడానికి విమానాశ్రయ టవర్ అనుమతి ఇచ్చిన సమయానికి కాస్త అటూ ఇటూగా అన్నమాట. ఆ 64 సెకన్లలో కాక్‌పిట్‌లో 560 అడుగులు అమర్చారు, అద్దాల మీద వానను తుడిచే వైపర్లు వేశారు, దిగడానికి ముందు చదవవలసిన జాబితా చదువుకున్నారు, కనబడని రన్‌వే కోసం చీకట్లోకి చూశారు. వీటిలో దేని మధ్యలోనైనా "మీరు చాలా కిందున్నారు, ఎత్తు సరిచూసుకోండి" అని ఒక్క మాట రేడియోలో వినిపించి ఉంటే చాలు. 6 సెకన్ల ముందు స్పందించినా బయటపడే అవకాశం ఉందని తేల్చిన విమానానికి 64 సెకన్లంటే ఎంతో లెక్క కట్టనవసరం లేదు.

ఆ వ్యవస్థ పుట్టుక తెలిస్తే ఈ బాధ ఇంకా పెరుగుతుంది. 1972 డిసెంబర్ 29 రాత్రి ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 401 విమానం మయామీలో దిగబోతూ, ముందు చక్రానికి సంబంధించిన చిన్న బల్బు వెలగకపోవడంతో 2,000 అడుగుల ఎత్తులో తిరగసాగింది. సిబ్బంది అందరూ ఆ బల్బులో మునిగిపోయారు. ఆటో పైలట్ పట్టు తెలియకుండానే సడలి విమానం మెల్లగా దిగిపోయింది. కంట్రోలర్ తెర మీద 900 అడుగులని చూశాడు. చూసి, "అక్కడ పరిస్థితి ఎలా ఉంది?" అన్న అర్థం వచ్చేలా అడిగాడే తప్ప ఎత్తు మాట ఎత్తలేదు. ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో 101 మంది చనిపోయారు. తక్కువ ఎత్తును కంప్యూటరే గుర్తించి కంట్రోలర్‌ను హెచ్చరించాలన్న సిఫారసు ఆ ప్రమాదం తరువాత వచ్చింది. గువామ్‌లో మూగబోయిన వ్యవస్థ దానిలోంచి పుట్టినదే. ఆ కంట్రోలర్ అస్పష్టమైన ప్రశ్నను అమెరికా సంస్కృతి లోపమని ఎవరూ అనలేదు. అనవలసిన అవసరమూ లేదు. ఆయన మాటలోని అస్పష్టతకు మందుగా ఒక యంత్రాన్ని కనిపెట్టారు. అది సరైన పద్ధతి. అదే పద్ధతిని 801 విషయంలో ఎందుకు పాటించరన్నదే నా ప్రశ్న.

ఎదుటి పక్షంలో బలమైన ఉదాహరణ ఒకటుంది, దాన్ని దాచను. 1999 డిసెంబర్ 22న ఇంగ్లండ్‌లోని స్టాన్‌స్టెడ్ నుంచి రాత్రివేళ లేచిన కొరియన్ ఎయిర్ సరుకు రవాణా విమానం నిమిషం తిరగకుండానే కూలింది. కెప్టెన్ ముందున్న పరికరం తప్పు చూపుతోంది, ఫస్ట్ ఆఫీసర్ ముందున్నది సరిగా చూపుతోంది, హెచ్చరిక శబ్దాలు మోగాయి. ఫస్ట్ ఆఫీసర్ ఏమీ అనలేదు. ఆ మౌనం నిజమైనది, దానికి ఆ సంస్థలో పాతుకుపోయిన పెద్దరికపు వాతావరణం కారణమై ఉండవచ్చు. కానీ అదే కాక్‌పిట్‌లో విమానం ఒరుగుతోందని ఫ్లైట్ ఇంజినీర్ అరిచి చెప్పాడు. అతనూ కొరియన్ మనిషే. సంస్కృతే కారణమైతే అది ఒకరి నోరు కట్టి మరొకరి నోరు వదిలేయదు కదా.

కెప్టెన్‌కు గట్టిగా చెప్పలేని తనం కొరియాలో పుట్టినదీ కాదు. 1978 డిసెంబర్ 28 సాయంత్రం అమెరికాలోని పోర్ట్‌లాండ్ దగ్గర యునైటెడ్ సంస్థ విమానం చక్రాల సమస్యతో సుమారు గంటసేపు తిరిగి, ఇంధనం అయిపోయి కూలింది. 10 మంది చనిపోయారు. ఇంధనం తగ్గుతున్న సంగతి సిబ్బందికి తెలుసు. కెప్టెన్‌కు తలకెక్కేలా చెప్పలేకపోయారు. కాక్‌పిట్‌లో ఒకరినొకరు సరిచూసుకోవడం, కిందివారు ధైర్యంగా చెప్పడం, పైవారు వినడం నేర్పే శిక్షణ ఇప్పుడు ప్రపంచమంతటా ఉంది. అది మొలకెత్తింది అలాంటి అమెరికన్ ప్రమాదాల నుంచే. 1995 డిసెంబర్ 20 రాత్రి కొలంబియాలోని కాలీకి దిగుతూ కొండను ఢీకొన్న విమానంలో ఉన్నదీ అమెరికన్ సిబ్బందే. 159 మంది పోయారు. చీకటి, కొండ, అలసట, ఎక్కడున్నామో తెలియని అయోమయం ఏ పాస్‌పోర్టునూ అడగవు.

అలసట గురించి రెండు మాటలు. సంస్థ తమతో గరిష్ఠంగా పనిచేయిస్తోందని ఆ రాత్రి కెప్టెన్ చెప్పుకున్నారు, నిజంగా నిద్ర వస్తోందని పైకే అన్నారు. పెద్దరికం చాటుకోవాలనుకునే మనిషి తన కింది ఉద్యోగుల ముందు ఆ మాట అనడు. ఆ కాక్‌పిట్‌లో మాటలు స్వేచ్ఛగానే సాగాయనడానికి నాకు ఇదే పెద్ద సాక్ష్యంగా తోస్తుంది.

మరి సంస్కృతి కథ ఇంతగా ఎందుకు అంటుకుపోయింది? అది వినడానికి సులువు, చెప్పడానికి ఆకర్షణీయం. అన్నిటికంటే మించి అది ఎవరి కుర్చీ కిందికీ నీళ్లు తేదు. తప్పు ఒక జాతి స్వభావానిదైతే సాఫ్ట్‌వేర్ మార్చమన్నదెవరో, తనిఖీలో చూసి వదిలేసినదెవరో, ఒకే రకం దిగుడును సాధన చేయించి చాలనుకున్నదెవరో, నిద్ర ముంచుకొచ్చే వేళలకు డ్యూటీ పట్టిక వేసినదెవరో అడగనక్కరలేదు. కొరియన్ ఎయిర్ ఆ తరువాత బయటి నిపుణులను తెచ్చుకుని శిక్షణను మార్చుకుంది, మెరుగుపడింది. ఒక జాతి స్వభావం కొద్ది ఏళ్లలో మారిపోదు. శిక్షణ, పద్ధతులు, పరికరాలు మారతాయి. భూమి ఎత్తుపల్లాల పటాన్ని తనలో నింపుకుని నిమిషం ముందే కాక్‌పిట్‌లో హెచ్చరించగల పరికరాన్ని అమెరికా ఆ తరువాత పెద్ద విమానాలకు తప్పనిసరి చేసింది. కొరియన్ పైలట్లకైనా అమెరికన్ పైలట్లకైనా అది ఒకే గొంతుతో హెచ్చరిస్తుంది.

ఆ రాత్రి గువామ్‌లో విమానం దిగడానికి అనుమతి ఇచ్చిన టవర్‌కు గానీ, రాడార్ గదికి గానీ అది కూలిన సంగతి వెంటనే తెలియలేదు. కొండ పక్కన మంట కనిపిస్తోందని అటుగా వస్తున్న మరో విమానం పైలట్ చెప్పాడు. విమానం తగిలి పగిలిన చమురు గొట్టం దారికి అడ్డంగా పడడంతో సహాయక వాహనాలు ముందుకు వెళ్లలేకపోయాయి. మనిషిని మించి పెరిగిన కత్తిలాంటి గడ్డిలో, బురదలో, వానలో, చీకట్లో జనం నడిచి వెళ్లారు. వారిలో ద్వీపం గవర్నర్ కార్ల్ గుటియెరెజ్ కూడా ఉన్నారు. మంటల వెలుగులో మూలుగులు వినిపించిన దిక్కుకు వెళ్లి ఒక్కొక్కరినే మోసుకొచ్చారు. 254 మందిలో 26 మంది బతికారు.